టికెట్ లేకుండా వచ్చినవాళ్ళు

మా ఇంట్లో హాల్లో ఒక ఉప్పునీటి అక్వేరియం ఉంది. 75 గ్యాలన్లు, అంటే మన లెక్కలో 280 లీటర్ల పైచిలుకు. అందులో నేను డబ్బు పెట్టి కొన్నవి రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ, కొన్ని నత్తలు, ఏడెనిమిది పగడపు ముక్కలు. నేను కొనకుండా వచ్చినవి ఎన్నున్నాయో నాకు తెలీదు. వందల్లో ఉండొచ్చు. ఇవాళ రాయబోయేది ఆ కొననివాళ్ళ గురించి.

ఈ గోల తెలియనివాళ్ళకి ముందు కొంచెం ఉపోద్ఘాతం. రీఫ్ అక్వేరియం అంటే చేపల తొట్టి కాదు, ఒక బుల్లి పగడపు దిబ్బ. దానికి పునాది లైవ్ రాక్. పేరుకి రాయే గానీ దాని నిండా ప్రాణమే. నీటిలో చేరే అమ్మోనియాని విరగ్గొట్టే బాక్టీరియా ఆ రాతి సందుల్లో కాపురం ఉంటుంది. నాది ఫ్లోరిడా రాయి. అక్కడ సముద్రంలో సహజంగా ఉన్న రాయిని తవ్వి అమ్మడం 1990లలోనే ఆపేశారు. ఇప్పుడు లీజుకి తీసుకున్న చోట మామూలు సున్నపురాళ్ళు పడేసి, కొన్నేళ్ళాగి వాటి మీద జీవం పట్టాక బయటికి తీస్తారు. తడి ఆరకుండా చుట్టి పంపిస్తారు. మన డల్లాస్ ఇంటి గుమ్మం ముందు ఆ పెట్టె దిగేసరికి రాయితో పాటు దాని సందుల్లో దాక్కున్న నానాజాతులూ దిగుతాయి. వీటిని ఇక్కడివాళ్ళు హిచ్‌హైకర్లు అంటారు. లారీ ఆపి ఎక్కేసినవాళ్ళన్నమాట.

మొదటి రాత్రి లైట్లన్నీ ఆర్పి, టార్చిలైటుకి ఎర్ర కాయితం చుట్టి (ఎర్ర వెలుతురుకి ఇవి అంతగా బెదరవు) తొట్టి ముందు కూర్చున్నాను. పావుగంటకి రాయి కదలడం మొదలైంది. అంటే రాయి కాదు, రాయి మీదున్నవి. ఒక కన్నంలోంచి గులాబీ రంగు జెర్రి లాంటిది బయటికొచ్చింది. రెండు పక్కలా తెల్లటి వెంట్రుకల కుచ్చులు. నాకు ఒళ్ళు జలదరించింది. మా ఆవిడ ఒక్క చూపు చూసి "ఏవండీ, ఇది హాల్లో పెట్టుకునే వస్తువేనా?" అని లోపలికెళ్ళిపోయింది.

తర్వాతి రెండు వారాలు నేను చేసిన పని చెప్పడానికి సిగ్గేస్తోంది. పొడుగాటి పట్టకారు కొన్నాను. రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా కూర్చుని ఒక్కో పురుగునీ లాగి మంచినీళ్ళ గ్లాసులో పడేశాను. లెక్క కూడా రాశాను, మొత్తం 31. ఆఫీసులో బగ్గులు క్లోజ్ చేసినప్పుడు వచ్చే తృప్తి లాంటిదే వచ్చింది.

ముప్ఫై రెండో దాన్ని లాగబోతుంటే మా అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. పన్నెండేళ్ళది. "అది ఏం చేసింది నాన్నా?" అంది.

ఏం చేసిందో నాకు తెలీదు. చూడ్డానికి అసహ్యంగా ఉందన్నదొక్కటే నా దగ్గరున్న నేరారోపణ.

ఆ రాత్రి కూర్చుని చదివితే తేలిందేమిటంటే, అది బ్రిసిల్ వర్మ్. నేను చంపినవన్నీ దాదాపు మామూలు రకమే. చేపలు వదిలేసిన తిండి, చచ్చిన నత్తలు, రాతి సందుల్లో కుళ్ళే చెత్త, ఇవే వాటి భోజనం. మన చెయ్యి దూరని చోట్ల ఊడ్చే పాకీపని వాటిది. చేత్తో ముట్టుకుంటే మాత్రం ఆ వెంట్రుకలు చర్మంలో విరిగి మంట పెడతాయి, అందుకే గ్లోవ్స్ వేసుకోవాలి. దీనికో చెడ్డ దాయాది ఉంది. ఫైర్ వర్మ్ అంటారు, శాస్త్రీయ నామం హెర్మోడిసే కారంక్యులాటా. అది నిజంగానే పగడాల్ని తింటుంది. తల మీద మడతలు పడ్డ కండలాంటి బొడిపె, కాళ్ళ మొదట్లో ఎర్రటి కుచ్చులు దాని గుర్తులు. ఫ్లోరిడా సముద్రంలో ఉండేదే కాబట్టి నా పెట్టెలో రావడానికి అవకాశం ఉంది. నేను చంపిన 31లో అది ఒక్కటైనా ఉందా? ఏమో. నేను తల వైపు చూస్తేగా!

పోనీ అన్నిటినీ మంచివే అనుకుని వదిలేద్దామా అంటే అదీ కుదరదు. 2009లో ఇంగ్లండులో న్యూకీ అనే ఊళ్ళో ఒక పబ్లిక్ అక్వేరియంలో పగడాలు రాత్రికి రాత్రి సగానికి తెగిపోతుంటే, దొంగ ఎవరో తెలీక ఎరలూ ఉచ్చులూ పెట్టారు. చివరికి ఆ తొట్టి మొత్తం ఒక్కో రాయీ తీసి చూస్తే నాలుగడుగుల పొడుగు సముద్రపు పురుగు దొరికింది. చిన్నప్పుడెప్పుడో రాయిలో దాక్కుని వచ్చి, అక్కడే తిని పెరిగింది. కాబట్టి అనుమానం తప్పు కాదు. గుర్తుపట్టకుండా శిక్ష వెయ్యడమే తప్పు.

గుర్తుపట్టకపోతే శిక్ష కూడా సరిగ్గా వెయ్యలేం. ఎయిప్టేసియా అని గాజులా కనపడే ఒక చిన్న ఎనిమోన్ ఉంటుంది, బుల్లి తాటిచెట్టు ఆకారంలో. అందంగా ఉందే అనుకుంటాం. నిజానికి అది పక్కనున్న పగడాల్ని కుట్టి చంపుతుంది. దాన్ని చాకుతో గీకేస్తే పోతుంది కదా అనిపిస్తుంది. నేనూ గీకాను. దాని పాదం ముక్క రాయికి ఎంత మిగిలితే అంతా మళ్ళీ మొలుస్తుంది. ఒకటి గీకితే నెలకి తొమ్మిదయ్యాయి. పురాణాల్లో రక్తబీజుడి కథ గుర్తుకొచ్చింది. దానికి అసలు మందు పెప్పర్మింట్ రొయ్య, లేకపోతే బెర్గియా అనే సముద్రపు స్లగ్. ఈ బెర్గియా ఎయిప్టేసియాని తప్ప ఇంకేమీ తినదు. అవి అయిపోయిన రోజున ఆకలితో తనూ పోతుంది. ప్రాజెక్టు అయిపోగానే బెంచి మీద కూర్చోబెట్టే కన్సల్టెంటుకి దీని బాధ బాగా అర్థమవుతుంది.

మరో రాత్రి తొట్టిలోంచి టిక్, టిక్ అని చప్పుడు. గాజు మీద గోరుతో కొట్టినట్టు. ఇలాంటి చప్పుడుకి ఇద్దరు అనుమానితులుంటారు. ఒకటి మాంటిస్ ష్రింప్. పేరులో రొయ్య ఉన్నా రొయ్య కాదు. నెమలి రంగుల్లో ఉండే రకం తన గదలాంటి చేతిని సెకనుకి 14 నుంచి 23 మీటర్ల వేగంతో విసురుతుందని 2004లో నేచర్ పత్రికలో కొలిచి రాశారు. ఆ దెబ్బకి నత్తగుల్లలు పగుల్తాయి. రెండోది పిస్టల్ ష్రింప్. దీనికి ఒక చెయ్యి మామూలుగా, ఇంకోటి బాక్సింగ్ గ్లోవ్ లా ఉంటుంది. దీని చప్పుడు ఆ చేతి రెండు వేళ్ళూ కొట్టుకోవడం వల్ల కాదనీ, అది మూసుకున్నప్పుడు నీటిలో పుట్టే బుడగ పగలడం వల్ల వస్తుందనీ 2000లో సైన్స్ పత్రికలో తేల్చారు. మొదటిది ఉంటే నత్తలు, పీతలు ఒక్కటీ మిగలవు. రెండోది ఉంటే తన కన్నం తను తవ్వుకుంటూ పడుంటుంది. వినడానికి రెండూ ఒకటే.

అప్పటికి కాస్త బుద్ధొచ్చింది కాబట్టి రాళ్ళన్నీ పీకకుండా ఆగాను. మూడు వారాలు కాపలా కాశాక రాయి కింద ఇసకలోంచి ఆ పెద్ద చెయ్యి కనపడింది. పిస్టల్! ఇప్పటికీ ఉంది. అతిథులొచ్చినప్పుడు చప్పుడు చేసి భయపెడుతుంది.

"ఇంత బాధెందుకు, రాయిని ఒకసారి ఉడకబెట్టెయ్, అన్నీ పోతాయి" అన్నాడు ఆఫీసులో ఒక మిత్రుడు. సర్వర్ ఫార్మాట్ చేసినంత తేలిగ్గా. దయచేసి ఎవరూ ఆ పని చెయ్యకండి. జోయాంథిడ్లు అని రంగురంగుల బొత్తాముల్లాంటి జీవులు రాళ్ళ మీద పెరుగుతాయి. వాటిలో కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. ఆ రాయిని ఉడకబెట్టినా, గట్టిగా తోమినా విషం ఆవిరితో, తుంపరలతో గాల్లోకి లేస్తుంది. ఇళ్ళల్లో కుటుంబాలకి కుటుంబాలు ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి. అలాస్కాలో 2012 నుంచి 2014 మధ్య జరిగిన ఇలాంటి వాటి గురించి అమెరికా సీడీసీ వాళ్ళు రిపోర్టు కూడా వేశారు. ఏది ఉందో తెలీకుండా అన్నిటినీ చంపాలనుకుంటే ముందు మనం పోవచ్చు.

సరే, అసలు విషయానికొస్తాను. పీత సంగతి.

పోయిన వేసవిలో పోసిలోపోరా అనే కొమ్మల పగడం కొన్నాను. పసిఫిక్ సముద్రంలో పెంచి తెచ్చిన రకం. కొత్త పగడాన్ని తొట్టిలో పెట్టేముందు పురుగులు రాలేలా మందు నీళ్ళలో ముంచుతారు. ముంచాను. కొమ్మల మధ్యనుంచి సెంటీమీటరు పీత ఒకటి బకెట్లోకి రాలింది. పీతల గురించి నేనెప్పుడో చదివినది ఒక్క ముక్క: "రాయితో వచ్చే పీత చెడ్డది, అనుమానం ఉంటే తీసెయ్." తీసేశాను. టాయిలెట్లో వేసి నీళ్ళు కొట్టాను. మొత్తం పది సెకన్లు.

ఆ టైములో మా అమ్మ మా దగ్గరే ఉంది, కాకినాడ నుంచి వచ్చి. జీవితమంతా పీతల్ని కడిగి పులుసు పెట్టిన మనిషి. "ఏ పీతరా అది?" అని అడిగింది.

"ఏదోలే అమ్మా, చెడ్డది."

"ఏదో అంటావేంట్రా, చూశావా లేదా?"

బకెట్లో ఉండగా మా అమ్మాయి ఫోనుతో ఫోటో తీసిందట. సాయంత్రానికి తనే కనిపెట్టి నా ముందు పెట్టింది. చెడ్డ పీతలకి చాలావాటికి ఒంటి నిండా వెంట్రుకలుంటాయి. వాటిని గొరిల్లా క్రాబ్ అంటారు, తొట్టి పెంచేవాళ్ళ భయమంతా వాటితోనే. నేను పారేసిన పీతకి ఒక్క వెంట్రుక లేదు. చిప్ప నున్నగా, పింగాణీ గిన్నెలా మెరుస్తోంది. ఒంటికి మించిన పెద్ద చేతులు. అది ట్రపీజియా. పగడానికి కాపలాదారు. పోసిలోపోరా కొమ్మల్లోనే పుట్టి పెరిగినట్టు బతుకుతుంది. పగడాన్ని తినడానికొచ్చే ముళ్ళ నక్షత్రచేపని తన చేతులతో గిల్లి తరుముతుంది. కొమ్మల మీద పడ్డ మట్టిని ఊడుస్తుంది. ఫ్రెంచ్ పాలినేషియాలో మోరియా దీవి దగ్గర చేసిన ఒక పరిశోధన 2006లో అచ్చయింది. పీతలున్న పగడాలన్నీ బతికాయి. పీతల్ని తీసేసినవాటిలో 45 నుంచి 80 శాతం దాకా నెలలోపే చచ్చిపోయాయి.

అంటే నేను చంపింది దొంగని కాదు, వాచ్‌మన్ ని.

ఇక్కడే నాకు ఇంకో సంగతి గుర్తుకొచ్చింది. గుర్తుకు రావడమేంటి, మర్చిపోతే కదా.

2023 మొదట్లో మన రంగంలో ఉద్యోగాలు ఎలా ఊడాయో మీ అందరికీ తెలుసు. మా టీములో తొమ్మిదిమందిమి. నేను లీడుని. ఒక శుక్రవారం మేనేజరు పిలిచి "ఇద్దరి పేర్లు కావాలి, సోమవారానికి" అన్నాడు. నేను ఇంటికొచ్చి కమిట్ల లెక్క తీశాను, టికెట్ల లెక్క తీశాను. అట్టడుగున ఒకతను ఉన్నాడు. మనవాడే, తెలుగువాడే. మీటింగుల్లో నోరు విప్పడు. ఏడాదిలో చేసిన కమిట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ పేరు రాసి పంపించడానికి నాకు పది నిముషాలు కూడా పట్టలేదు.

అతను వెళ్ళిన తర్వాతి నెల మొదటి తారీఖున మా రిపోర్టుల్లో లెక్కలు కుదర్లేదు. రెండు సిస్టముల మధ్య రికార్డులు డబుల్ అవుతున్నాయి. వారం తవ్వితే తేలింది. మూడేళ్ళుగా అతను రోజూ రాత్రి రెండు పక్కలా సరిచూసి, తేడా వచ్చినవి చేత్తో సరిచేసి పడుకునేవాడు. ఎవరో ఎప్పుడో "కొన్నాళ్ళు చూడు" అన్నారట. ఆ చెప్పినాయన కంపెనీ వదిలి వెళ్ళిపోయాడు. ఇతను చూస్తూనే ఉన్నాడు. అది ఏ టికెట్టులోనూ లేదు, ఏ కమిట్టులోనూ లేదు.

హెచ్1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఉండేది గట్టిగా 60 రోజులు. పిల్ల కిండర్‌గార్టెన్. అతనికి యాభై చిల్లర రోజుల మీద వేరే రాష్ట్రంలో ఉద్యోగం దొరికింది. నేను ఫోన్ చేస్తే మామూలుగానే మాట్లాడాడు. "మీరేం చేస్తారు లెండి, పైవాళ్ళ నిర్ణయం" అని నన్నే ఓదార్చాడు. ఆ పేరు రాసింది నేనేనని అప్పుడు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

పీతనీ మనిషినీ ఒకే గాటన కడతావా అని మీరు అడగొచ్చు. కట్టట్లేదండీ. పీత పోతే ఒక పగడానికి కష్టం, మనిషి ఉద్యోగం పోతే ఒక ఇంటికి కష్టం. రెండూ ఒకటి కావు. కానీ రెండుసార్లూ చూసిన కళ్ళు నావే. కనపడిన లెక్కని బట్టి ఇది పనికిరానిది అనుకోవడం, తప్పేమో అన్న అనుమానం రాకముందే పని పూర్తి చేసెయ్యడం, రెండుసార్లూ నేను చేసింది అదే. కోడు డిలీట్ చేస్తే వెనక్కి తెచ్చుకోవచ్చు. ఈ రెండిటికీ రోల్‌బ్యాక్ లేదు.

పీత పోయిన మూడో రోజు రాత్రి మా అమ్మాయి గట్టిగా అరిచింది. టార్చి తీసుకెళ్ళి చూస్తే పోసిలోపోరా కొమ్మల మధ్య ఇంకో పీత. అలాంటిదే, నున్నటిది. ట్రపీజియాలు ఒక పగడానికి ఒక జంట చొప్పున, ఆడ మగ కలిసి ఉంటాయని అప్పటికే చదివి ఉన్నాను. మందు నీళ్ళలో ఒకటి రాలింది, ఒకటి గట్టిగా పట్టుకుని ఉండిపోయింది. ఇది బయటికొచ్చి కొమ్మ కొమ్మా తిరుగుతోంది. అది తిండికోసమే తిరుగుతుండొచ్చు. పీత మనసులో ఏముందో నేను చెప్పలేను. మా అమ్మ మాత్రం చూసి ఏమీ అనలేదు. ఆ వారమంతా మా ఇంట్లో పీతల కూర వండలేదు.

ఇప్పుడు మా తొట్టికి ఒక పద్ధతి ఉంది. పక్క గాజుకి తగిలించే చిన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి కొన్నాం. నీళ్ళు అటూ ఇటూ పోతాయి, జీవి పోలేదు. తెలియనిది ఏది కనపడినా ముందు అందులోకి. ఫోటో పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి. తర్వాత ఇవి రాసుకుంటాం: ఒళ్ళు నున్నగానా, వెంట్రుకలా? పగలు తిరుగుతుందా, రాత్రా? ఏ సముద్రం నుంచి వచ్చింది? నాచు పెడితే తింటుందా, మాంసం పెడితే తింటుందా? ఏదైనా తింటుంటే అది ముందే చచ్చిందా, ఇదే చంపిందా? ఈ ఆఖరి ప్రశ్న చాలా ముఖ్యం. శవం పక్కన దొరికినవాడల్లా హంతకుడు కాదు. చచ్చిన నత్త మీద బ్రిసిల్ వర్మ్ ని చూసి ఎన్ని ఇళ్ళల్లో దానికి ఉరిశిక్ష పడుతుందో!

ఇలా చూస్తే నత్తా స్లగ్గా తెలియనట్టుండే స్టొమటెల్లా నాచు తిని గాజు శుభ్రం చేసే పిల్ల అని తెలిసింది. మిల్లీమీటర్ల సైజు ఆస్టరీనా నక్షత్రాలు చాలావరకు నాచు మేసేవేనని తెలిసింది. నిజంగా చెడ్డవీ దొరికాయి. పోయిన నెల వెంట్రుకల పీత ఒకటి పట్టుబడింది, పగడాన్ని గిల్లుతుండగానే. దాన్ని కింద సంప్ లోకి మార్చాం. అక్కడ పగడాల్లేవు, ఏం పాడు చెయ్యలేదు. బాగానే ఉంది.

అన్నట్టు, హైదరాబాదు నుంచి ఒక మిత్రుడు ఇలాంటి తొట్టి పెడతానని అడుగుతున్నాడు. మనదేశంలో దిబ్బలు కట్టే పగడాలు 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులితో సమానంగా. అండమాన్ వెళ్ళి ముక్క ఏరుకొస్తే నేరమే. ముందు చట్టం చదువుకోమన్నాను.

ఆఫీసులో పోయిన ఏడాది మళ్ళీ పేర్లడిగారు. ఈసారి రెండు వారాలు గడువు అడిగాను. ఒక్కొక్కరితో కూర్చుని "నువ్వు రోజూ చేసేది, ఎక్కడా రాయనిది ఏంటి?" అని అడిగి రాసుకున్నాను. ఆ కాయితం పైకి పంపాను. అయినా ఒకరి ఉద్యోగం పోయింది. అయితే ఆయన ఏం చేసేవాడో అందరికీ తెలిసి పోయింది, ఆ పని ఎవరు చూడాలో ముందే రాసుకున్నాం, ఆయనకి రికమండేషన్ లెటరులో అవన్నీ రాసిచ్చాను. ఇది మునుపటికన్నా మెరుగేనా అంటే, అవుననే అనుకుంటున్నాను. ఆయన్ని అడిగితే ఏమంటాడో మరి.

మొదటి అతనికి ఫోన్ చెయ్యాలి. ఈ మాట ఏడాదిగా అనుకుంటున్నాను. ఇది రాసినంత తేలిగ్గా అది కుదరట్లేదు.

నిన్న ఆదివారం కాకినాడ ఫోన్ చేస్తే అమ్మ కుశలప్రశ్నలయ్యాక అడిగింది, "ఆ ఒంటి పీత ఉందా రా?" అని.

ఉంది. పగడం కూడా నాలుగు కొమ్మలు వేసింది.